సెట్ బి హంతకుడు

మా వెదుళ్ళలంక శాఖా గ్రంథాలయంలోని డిటెక్టివ్ నవలలకు ఒక ఉమ్మడి లక్షణం ఉండేది. హంతకుడెవరో మొదటి పేజీలోనే తెలిసిపోయేది. తెలిపేది రచయిత కాదు. ఆ పుస్తకాన్ని అంతకుముందు ఇంటికి పట్టుకెళ్ళిన పాఠకుడు. "చంపింది చిన్నకోడలు. చదివి టైము పాడుచేసుకోకండి. ఇట్లు, ఓ శ్రేయోభిలాషి" అని ఎర్రసిరాతో, గుండ్రటి దస్తూరీతో రాసి ఉండేది. దాని కింద మరొకరెవరో పెన్సిలుతో "నిజమే" అని ధ్రువపరిచేవారు.

నేను ఆ గ్రంథాలయాధికారిని. ఈ అలవాటు మీద నాకు కోపం ఉండేది కాదు. దాని గురించి ఆలోచించడానికి కావలసినంత తీరికను మాత్రం ఉద్యోగం నాకు ఇచ్చింది. ఒక విషయం తెలియకపోవడంలో సుఖం ఉంది. తెలుసుకోవడంలో అంతకన్నా పెద్ద సుఖం ఉంది. తెలిసిన తరువాత మిగిలేది ఒక రకమైన ఒంటరితనం. దాన్ని భరించలేక మనిషి మొదటి పేజీ మీద రాస్తాడు. అందులో ద్వేషం లేదనడానికి ఆ సంతకమే సాక్ష్యం. పాఠకులు కూడా సర్దుకుపోయారు. మొదటి పేజీని అరచేత్తో మూసి, చూపు పక్కకు తిప్పుకుని, రెండో పేజీలోకి వెళ్ళిపోయేవారు.

సర్దుకుపోలేకపోయింది ఒక పెద్దమనిషి. పేరు చెప్పడం మర్యాద కాదు. ఆయన మా ఊరి అతిథి గృహంలో ఒక పూట బస చేసి, కాలక్షేపానికి మా దగ్గర నుంచి ఒక నవల తెప్పించుకున్నారు. అట్ట తిప్పగానే చిన్నకోడలు బయటపడింది. ఆయనకు తెలియని విషయం వెదుళ్ళలంకలో ఇంకెవరికో ముందే తెలిసి ఉండటం ఆయన ప్రజాజీవితంలో అదే మొదటిసారి. కారెక్కే ముందు ఆయన ఒక్క మాటే అన్నారట: "రాష్ట్రంలో రహస్యాలకు రక్షణ లేదు."

ఆ మాట రాజధాని చేరేసరికి ఉత్తర్వుగా మారింది. దాని పేరు 'అంత్యాధ్యాయ భద్రతా నియమావళి'. ప్రయోగాత్మకంగా అమలు చేయడానికి, నేరం జరిగిన చోటు గనుక, మా ఊరినే ఎంపిక చేశారు. అమలు చేయించడానికి ఉపసంచాలకులు పరాంకుశం గారు వచ్చారు. ఆయన అంతకుముందు పరీక్షల విభాగంలో పనిచేసినవారు. ప్రపంచంలో ఉన్న కాగితాలన్నిటినీ ఆయన రెండు జాతులుగా చూసేవారు: లీకైనవి, ఇంకా లీకవనివి.

"చూడండి లైబ్రేరియన్ గారూ," అన్నారు నా ఎదుట కూర్చుని. "మౌలికంగా, హంతకుడి పేరు అత్యంత గోప్య సమాచారం. దాన్ని తాళం లేని అలమారులో, ప్రజలకు అందుబాటులో, ఎవరి అనుమతితో ఉంచారు?"

"పుస్తకంలోనే ఉంటుందండి. ఆఖర్న."

"అదే లోపం. ప్రశ్ననూ జవాబునూ ఒకే అట్టలో కలిపి కుట్టేశారు. ఏ బోర్డు ఒప్పుకుంటుందండీ?"

ఆ కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒప్పుకున్నాను. నాకు ఒక కొత్త బ్లేడు మంజూరైంది. డిటెక్టివ్ నవలలన్నిటి నుంచీ ఆఖరి అధ్యాయాలను కోసి, ఖాకీ కవర్లలో పెట్టి, లక్క సీలు వేసి, పోలీసు స్టేషనుకు చేర్చాను. పదో తరగతి ప్రశ్నపత్రాలు దాచే ఇనప బీరువాలోనే వాటికీ చోటిచ్చారు. మొదటి పేజీల మీది రాతలను కూడా కోసి అక్కడికే పంపాను. ఇకమీదట ఏ పేజీ మీద ఏ రాత కనిపించినా ఆ పేజీని వెంటనే కోసి పంపాలన్నది నియమావళిలో ఒక అంశం.

ఎస్సై సూరిబాబు ఆ కవర్లను చూసి తల గోక్కున్నాడు.

"పిల్లల పేపర్లకే జాగా చాలట్లేదండి బాబూ. ఈటి కోసం నాటుసారా సీసాలు బయట పెట్టించేనండి. అయ్యి కేసు ప్రాపర్టీయండి. ఎవడైనా తాగేస్తే ఎవరిదండి పూచీ?"

"సారా తాగితే ఒక్కడికే మత్తు," అన్నారు పరాంకుశం గారు. "అధ్యాయం లీకైతే సమాజానికే."

పద్ధతి తేలికగానే ఉండేది. పాఠకుడు మిగిలిన పుస్తకం చదివి దరఖాస్తు పెట్టుకోవాలి. హాల్‌టికెట్టు వస్తుంది. నిర్ణీత ఆదివారం జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు రావాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు. లోపల ఇద్దరు సాక్షుల ఎదుట సీలు విప్పి, ఆఖరి అధ్యాయం చేతికిస్తారు. చదివి, తిరిగి ఇచ్చేసి, ఎవరికీ చెప్పనని ప్రమాణం చేసి ఇంటికి పోవాలి. ఆ సమయంలో చుట్టుపక్కల జిరాక్సు షాపులు మూసి ఉంచాలి. టీ కొట్టు దగ్గర నలుగురు గుమిగూడరాదు. ఒకసారి మా ఊరి కిళ్ళీ కొట్టతను "ఈ వారం ఎవరంట?" అని ఒక పాఠకుణ్ణి అడిగినందుకు, ఆ వారమంతా అతని కొట్టుకు తాళం పడింది. అతను అడిగింది పంచాయతీలో తాత్కాలిక సర్పంచి గురించి అని తరువాత తేలింది. తాళం మాత్రం గడువు తీరాకే తీశారు.

టీవీలో వచ్చే హత్యల సీరియళ్ళ సమస్య విద్యుత్ శాఖ సహకారంతో పరిష్కారమైంది. హంతకుణ్ణి బయటపెట్టే సమయానికి ఊరంతటికీ కరెంటు తీసేసేవారు. మిగతా భాగాన్ని తహసీల్దారు కార్యాలయంలో, ధ్రువపత్రాలతో వచ్చినవారికి చూపించేవారు. మొదట్లో జనం తిట్టుకున్నారు. తరువాత ఆ చీకట్లో అన్నాలు తినేయడం అలవాటు చేసుకున్నారు.

ఈ వ్యవస్థను మనస్ఫూర్తిగా ఆనందించిన వ్యక్తి ఒక్కరే. సుగుణమణి గారు. మా ఉన్నత పాఠశాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. చర్చి వెనక వీధిలో ఒంటరిగా ఉండేవారు. హత్య లేని పుస్తకాన్ని ఆమె ముట్టుకోరు. ముట్టుకున్న పుస్తకంలో చిన్న గీత కూడా గీయరు. పుస్తకం మీద గీసిన పిల్లల్ని ఆమె ఎండలో నిలబెట్టేవారట. సూరిబాబు ఆ ఎండలో నిలబడినవాళ్ళలో ఒకడు.

"కరెంటు తీసేస్తున్నారట కదండీ, ఇబ్బందిగా ఉందా?" అని అడిగాను ఒకరోజు.

"ఇబ్బందేమిటండీ, హాయిగా ఉంది," అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఇదివరకు వాళ్ళు గబగబా చెప్పేసేవారు. ఇప్పుడు చీకట్లో కూచుని నేనే ఆలోచించుకుంటున్నాను. పొద్దున ప్రార్థన, సాయంత్రం ఒక హత్య. ఇంతకన్నా దేవుణ్ణి ఏం అడుగుతామండీ?"

ఆమె సభ్యత్వ కార్డు అంచులు చిరిగి, గుడ్డ అంటించి ఉండేది. కొత్తది ఇస్తానంటే వద్దనేవారు. దాన్ని బైబిలులో పెట్టుకునేవారు.

ఆ నెల ఆమెతో పాటు చాలామంది తీసుకెళ్ళిన నవల 'మిల్లు బంగళా మర్మం'. కథ ఇలా ఉంటుంది. ఒక గాలివాన రోజున ధాన్యం మిల్లు యజమాని రాయుడు గారు తన బంగళాలో హత్యకు గురవుతారు. అనుమానితులు అయిదుగురు: రెండో భార్య, మేనల్లుడు, వ్యాపార భాగస్వామి, కుటుంబ డాక్టరు, తోటమాలి పోలయ్య. అంతకుమించి చెప్పే అధికారం అప్పటికి నాకు లేదు.

ఆదివారం వచ్చింది. బందోబస్తు సూరిబాబుదే. సుగుణమణి గారు గేటు దాటగానే సెల్యూట్ కొట్టబోయి చేయి దించాడు.

"రండి టీచరమ్మ గారూ. మీ నెంబరు ఫ్యాను కింద పడిందండి."

"ఒరే సూరిబాబూ, పరీక్ష రాసేవాళ్ళకి నువ్వు బెంచీలు మార్చకూడదురా."

"బెంచీ మార్చలేదండి. ఫ్యానే మార్పించేనండి."

సీలు విప్పే ముందు పాఠకులందరికీ ఒక చిన్న కాగితం పంచడం పరాంకుశం గారి సొంత ఆలోచన. 'పాఠకుని ప్రాథమిక అనుమానం' దాని శీర్షిక. హంతకుడెవరని అనుకుంటున్నారో రాసివ్వాలి. కేవలం గణాంకాల నిమిత్తం. ఎప్పటిలాగే ఆ రోజు కూడా గణాంకాలు సంతృప్తికరంగా ఉన్నాయి. దాదాపు అందరూ రెండో భార్య అని రాశారు. అట్టమీది బొమ్మలో కత్తి పట్టుకున్న స్త్రీ ఉండటమే కారణం. ఆ బొమ్మ వేసిన చిత్రకారుడు నవల చదవలేదని పరాంకుశం గారికి తెలుసు. అందుకే ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. ఒక కాగితం దగ్గర ఆ ప్రశాంతత ఆగిపోయింది.

అందులో ఇలా ఉంది: "డాక్టరు. రెండో అధ్యాయంలో గాలివానకు టెలిఫోను తీగలు సాయంత్రమే తెగిపోయాయి. అయిదో అధ్యాయంలో డాక్టరు, రాయుడు గారు పోయారన్న కబురు తనకు ఆ రాత్రి ఫోనులో అందిందని చెబుతాడు. తెగిన తీగ మీద వచ్చే కబురు చంపినవాడికే తెలియాలి."

పరాంకుశం గారు లేచి, సీలు విప్పిన అధ్యాయాన్ని పక్కన పెట్టుకుని, రెండిటినీ పోల్చారు. మళ్ళీ పోల్చారు.

"సరిగ్గా ఉంది," అన్నారు. "సరిగ్గా ఉందండీ! లీకైంది!"

గేటు మూసేశారు. అందరినీ ఉన్నచోటే కూర్చోమన్నారు. సుగుణమణి గారిని హెడ్‌మాస్టరు గదికి తీసుకెళ్ళారు. ఒకప్పుడు ఆమె కూర్చున్న కుర్చీలో పరాంకుశం గారు కూర్చున్నారు. ఆమెకు ఎదుటి స్టూలు చూపించారు. సూరిబాబు గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె కూర్చున్నంతసేపూ అతను కూర్చోలేదు. నేను కాగితాలు పట్టుకుని నిలబడ్డాను.

"మీకు ఈ జవాబు ఎవరందించారు?"

"పుస్తకమేనండి."

"పుస్తకంలో ఆఖరి అధ్యాయం లేదు కదా."

"మిగతావి ఉన్నాయి కదండీ."

"మిగతా అధ్యాయాలు కథాగమనం నిమిత్తం అమ్మా. జవాబు అంత్యాధ్యాయంలో మాత్రమే లభ్యం. అది సీలు కింద ఉంది. కాబట్టి మీకు తెలిసే అవకాశం లేదు. కానీ తెలిసింది. ఈ రెండిటికీ మధ్య ఒక వ్యక్తి ఉండి తీరాలి. ఆ వ్యక్తి పేరు చెప్పండి."

"ఆలోచించానండి."

"ఆలోచన ధ్రువీకృత మూలం కాదు."

"మరి డిటెక్టివ్ పుస్తకం ఎందుకు చదువుతారంటారు ఎవరైనా?"

"ఆఖరి అధ్యాయం దాకా వేచి ఉండటానికి," అన్నారు పరాంకుశం గారు. ఆయన ఆ మాటను నమ్మి అన్నారు. వెటకారం ఆయనకు చేతకాదు.

సూరిబాబు గొంతు సవరించుకున్నాడు. "సార్, టీచరమ్మ గారు అబద్ధం ఆడరండి. మాకు లెక్కలు చెప్పినప్పుడు కూడా అంతేనండి. జవాబు రైటై, చేసిన తీరు చూపించకపోతే సున్నా ఏసేసేవారండి. ఇక్కడ తీరు కూడా రాసేరు కదండి."

"అదే ఎక్కువ అనుమానాస్పదం. మామూలుగా కాపీ కొట్టేవాడు జవాబు ఒక్కటే రాస్తాడు. ఈవిడ కారణం కూడా రాశారు. అంటే ముఠా పెద్దది." ఆయన సూరిబాబు వైపు తిరిగారు. "ఎస్సై గారూ, ఒక్క విషయం ఆలోచించండి. ఈవిడకు ఎవరూ చెప్పలేదంటే, చదివి ఆలోచిస్తే తెలిసిపోతుందని అర్థం. తెలిసిపోయేదానికి సీలు దేనికి? బీరువా దేనికి? మనం దేనికి?"

నేను కాగితాలు సర్దాను.

తుది విచారణ ముగిసేదాకా సుగుణమణి గారి సభ్యత్వం నిలిపివేశారు. కార్డు అడిగితే ఆమె వెంటనే ఇవ్వలేదు. చేతిసంచి తెరిచి, బైబిలు తీసి, కార్డును దాని పేజీల మధ్య నుంచి బయటికి లాగి, ఒకసారి చూసుకుని బల్లమీద పెట్టారు.

"దీన్ని జాగ్రత్తగా ఉంచండి," అన్నారు నాతో. "నాకున్న వ్యసనం ఇదొక్కటే."

బయటికి వచ్చాక సూరిబాబు నన్ను సైకిలు స్టాండు వెనక్కి తీసుకెళ్ళాడు.

"మీకో ముక్క చెప్తానండి, మీలోనే ఉంచుకోండి. ఆ కవర్లకి అడుగున అంటు సరిగా లేదండి. నేను చదివేను, మా రైటరు గారు చదివేరు, సెంట్రీ అయితే రెండుసార్లు చదివేడు. స్టేషనంతటికీ తెలుసండి డాక్టరేనని. ఆయ్! అయితే మేమెవరికీ చెప్పలేదండి. ఒట్టు."

"మరి విచారణలో చెప్పవచ్చు కదండీ?"

"ఎలాగండీ? సీలు భద్రంగా ఉందని నేనే సంతకం పెట్టేను కదండి."

సీలు నిజంగానే భద్రంగా ఉంది. విచారణ నివేదికలో కూడా అదే రాశారు. కవరును దొంగచాటుగా చదివినవాళ్ళందరూ కాపలాదారులుగా మిగిలారు. చదవకుండా తెలుసుకున్న ఒక్కరూ దోషిగా తేలారు. ఆ నివేదిక చదివిన రోజు ఇంటికి నడుస్తూ నేను దీని గురించి చాలా సేపు ఆలోచించాను. ఆలోచన ధ్రువీకృత మూలం కాదని గుర్తొచ్చి ఆపేశాను.

పరీక్ష రద్దయింది. తరువాత ఏం చేయాలన్నది పరాంకుశం గారికి సమస్యే కాలేదు.

"ప్రశ్నపత్రం లీకైతే మనం ఏం చేస్తాం?"

"సెట్ బి ఇస్తామండి," అన్నాను.

"హంతకుడు లీకైతే?"

జవాబు నాకు తెలుసు. చెప్పి ఉంటే అది కూడా లీకే అయ్యేది.

సెట్ బి హంతకుణ్ణి ఎంపిక చేయడానికి గ్రంథాలయంలోనే సమావేశం జరిగింది. డాక్టరు ఎలాగూ రద్దయ్యాడు. రెండో భార్యను పరిశీలించారు. మహిళా సంఘాలు రోడ్డెక్కుతాయని వదిలేశారు. మేనల్లుడి దగ్గర యువజన సంఘాలు, భాగస్వామి దగ్గర రైసు మిల్లర్ల సంఘం గుర్తొచ్చాయి. చివరికి పోలయ్య మిగిలాడు.

"తోటమాలులకు సంఘం ఏదైనా ఉందా?" అడిగారు పరాంకుశం గారు.

"జిల్లాలో లేదండి," అన్నాడు ఆయన ఆఫీసు సూపరింటెండెంటు.

"రాష్ట్రంలో?"

"ఫోన్ చేసి కనుక్కున్నామండి. లేదండి."

"అయితే అతనే చంపాడు," అన్నారు పరాంకుశం గారు. సమావేశం టీ తాగి ముగిసింది.

కొత్త అంత్యాధ్యాయాన్ని సూపరింటెండెంటే రాశాడు. అతనికి ఆఫీసు భాష తప్ప ఇంకో భాష రాదు. "పైన పేర్కొనబడిన పోలయ్య అనునతడు సదరు రాయుడు గారిని తన స్వంత బాధ్యతపై హత్య గావించియున్నట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. హత్యకు గల కారణములు విడిగా తెలియజేయబడును. ఈ విషయమై ఎట్టి ఉత్తర ప్రత్యుత్తరములకు తావులేదు." అధ్యాయం అంతటితో ముగుస్తుంది. క్లుప్తతలో దానికి సాటి వచ్చే ముగింపును నేను ఏ నవలలోనూ చదవలేదు.

లీకు వ్యవహారాన్ని గౌరవంగా ముగించాలని పరాంకుశం గారు సుగుణమణి గారిని పిలిపించారు. మళ్ళీ జరిగే పరీక్షలో ఆమె సరైన జవాబు రాస్తే సభ్యత్వం పునరుద్ధరిస్తామన్నారు. సరైన జవాబు ఏమిటో ముందుగానే చూపించారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని కొత్త అధ్యాయం చదివారు. చదవడానికి ఆట్టే సమయం పట్టలేదు.

"పోలయ్య ఎలా చంపాడండీ? మూడో అధ్యాయంలో అతను ఏటి అవతల ఉన్నాడు కదా. గాలివానకు పడవలు కట్టేశారు. తెల్లారేదాకా రేవులోనే పడుకున్నాడు."

పరాంకుశం గారు నా వైపు చూశారు. "మూడో అధ్యాయం ఎందుకు ఉంది?"

"రచయిత రాశారండి."

"తొలగించండి."

నేను బ్లేడు తీశాను. మూడో అధ్యాయం బల్లమీదికి వచ్చింది.

"అయ్యో, అది కాదండీ నేననేది," అన్నారామె. "ఫోను తీగల సంగతి రెండో అధ్యాయంలో స్పష్టంగా..."

రెండో అధ్యాయం కూడా బల్లమీదికి వచ్చింది.

"మరి అయిదో..." అని ఆమె ఆగిపోయారు. నా చేతిలోని బ్లేడును చూశారు. ఇంకొక్క మాట మాట్లాడితే ఇంకొక అధ్యాయం పోతుందని ఆమెకు అర్థమైంది. పెదవులు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. జీవితమంతా పిల్లల్ని మాట్లాడమని అడిగిన మనిషి, ఒక పుస్తకాన్ని బతికించడానికి అలా మౌనంగా కూర్చోవడం నేను చూశాను.

ఆ మౌనం వృథా అయింది. ఏ అధ్యాయం నుంచి ఏ పాఠకుడు ఏం గ్రహిస్తాడో శాఖకు పూచీ లేదు కనుక, 'ఆలోచనకు ఆస్కారమిచ్చే అధ్యాయాలన్నిటినీ' ముందు జాగ్రత్తగా తొలగించమని మరునాడు లిఖితపూర్వకంగా ఆదేశం వచ్చింది. తొలగించాను. చివరికి 'మిల్లు బంగళా మర్మం'లో అట్ట, రాయుడు గారి శవం కనిపించే మొదటి పేజీ, సూపరింటెండెంటు గారి ముగింపు మిగిలాయి. కొత్త ప్రతిని పరాంకుశం గారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు గందరగోళం లేదు," అన్నారు.

రెండో పరీక్షకు జనం ఎక్కువగా వచ్చారు. పారదర్శకత కోసం జవాబును ముందురోజే నోటీసు బోర్డులో పెట్టారు. అందరూ పోలయ్య అని రాశారు. ఒకాయన పోలయ్య ఇంటిపేరు కూడా చేర్చాడు. ఎక్కడిదని అడిగితే, మా వీధిలో తోటపని చేసే పోలయ్యది అన్నాడు. పరాంకుశం గారు అతన్ని మెచ్చుకున్నారు.

సుగుణమణి గారి ముందు కాగితం తెల్లగానే ఉంది. పరాంకుశం గారు ఆమె కార్డును బల్లమీద, కాగితం పక్కనే పెట్టారు.

"రాయండి అమ్మా. రాసిన మరుక్షణం మీ కార్డు మీకే. ఒకే ఒక్క పేరు."

సూరిబాబు ఆమె బెంచీ పక్కన వంగాడు. "టీచరమ్మ గారూ, రాసేయండి. కాగితం మీద పోలయ్యేనండి. నిజంగా ఎవడికీ ఏం కాదండి."

"కాగితం మీదేరా," అన్నారామె. "అన్నీ కాగితం మీదే కదరా జరిగేది. నీ స్టేషన్లో మాత్రం ఎలా జరుగుతాయి?"

సూరిబాబు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"బయట పోలయ్యల్ని చూస్తూనే ఉన్నానురా ఇన్నేళ్ళూ. ఊళ్ళో ఏది పోయినా ముందు వాళ్ళ ఇళ్ళకే కదా మీరు వెళ్ళేది. పుస్తకంలో అయితే ఎవరో ఒకరు ఆగి అడుగుతారు, ఆ టైముకి నువ్వెక్కడున్నావు నాయనా అని. చెప్తే వింటారు. ఏటి అవతల ఉన్నానంటే, ఉన్నాడో లేదో కనుక్కుంటారు. అందుకురా నేను చదివేది. శవాల కోసం కాదు."

ఆమె కలం తీసి, పాత దస్తూరీతో, ఒత్తి రాశారు: డాక్టరు. కింద గీత గీసి, కారణం కూడా రాయబోయి, ఆ అధ్యాయాలు ఇప్పుడు లేవని గుర్తొచ్చి కలం మూసేశారు.

ఆమె సభ్యత్వం శాశ్వతంగా రద్దయింది. కార్డును ఆమె ఎదుటే ధ్వంసం చేయాలన్నది నిబంధన. బ్లేడు నా దగ్గరే ఉంది. గుడ్డ అంటించిన చోట కార్డు తెగడానికి కాస్త మొరాయించింది.

మరునాడు ఆమె గ్రంథాలయానికి వచ్చారు. ఇంట్లో ఉన్న శాఖవారి పుస్తకాన్ని తిరిగి ఇచ్చేయాలి కదా. అది పరీక్ష కోసం ఆమెకు ఇచ్చిన కొత్త ప్రతి. అట్టకూ అట్టకూ మధ్య పెద్దగా ఏమీ లేక అది చేతిలో శుభలేఖలా తేలిగ్గా ఉంది. బల్లమీద పెట్టి, అలమారుల వైపు ఒకసారి చూసి, "వస్తానండి," అన్నారు. ఎక్కడికి వస్తారని నేను అడగలేదు.

తిరిగి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రాతల కోసం తనిఖీ చేయడం నా విధి. ఆమె పుస్తకాలను నేనెప్పుడూ తనిఖీ చేయలేదు. అవసరం ఉండేది కాదు. ఆ రోజు ఎందుకో తెరిచాను.

మొదటి పేజీలో రాయుడు గారి శవం పైన, ఎర్రసిరాతో, పలక మీద అక్షరాలు దిద్దించే చేతి పొందికతో ఇలా ఉంది:

"పోలయ్య చంపలేదు. ఇట్లు, ఓ శ్రేయోభిలాషి."

సొరుగులోంచి బ్లేడు తీశాను. నియమావళి ప్రకారం ఆ పేజీ కోసి బీరువాకు పంపాలి. కోయబోతూ ఆగాను. నవలలో రచయిత రాసిన పేజీ అదొక్కటే మిగిలింది. అది కూడా పోతే రాయుడు గారు చచ్చిపోయారనడానికి ఆధారం ఉండదు. ఎవరూ చావని చోట పోలయ్య హంతకుడిగా మిగిలిపోతాడు. పరాంకుశం గారికి అందులో తప్పేమీ కనిపించదని కూడా నాకు తెలుసు.

బ్లేడు సొరుగులో పెట్టేశాను. అదే సొరుగులో పెన్సిలు ఉంది. ఆమె అక్షరాల కింద కొంచెం ఖాళీ ఉంది. అక్కడ చిన్నగా, చెరిగిపోకుండా, కాస్త గట్టిగానే ఒత్తి రాశాను.

"నిజమే."